సంగమ్మ వేసిన గుర్తు

మొగిలిగూడెంలో సంగమ్మకు తెలియని గుట్టు లేదు. మంత్రమూ కాదు, మహిమా కాదు. ఊరందరి బట్టలూ ఉతికే మనిషి దగ్గర ఎవరి గుట్టు దాగుతుంది చెప్పండి? ఏ ఇంటి కొత్తకోడలు కొంగుతో కళ్లొత్తుకుందో, ఏ పటేలు ఒక్కపొద్దున్నానని చెప్పి చాటుగా కోడికూర లాగించాడో, చాకిరేవులో బండమీద పరిచిన బట్టే చెప్పేసేది. విన్నది సంగమ్మ ఎవరితోనూ అనేది కాదు. ఒక్క మొగుడు ఓదెలుతో మాత్రం అనేది. వాడి నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ అనేది.

పటాన్‌చెరు దాటి, బొంబాయి రోడ్డు దిగి, రెండు మైళ్లు గట్ల వెంబడి నడిస్తే ఆ ఊరు వస్తుంది. నూట ఇరవై గడప. సంగమ్మకు అక్షరమ్ముక్క రాదు. అయినా ఒకరి బట్ట ఇంకొకరి ఇంటికి పోవడమన్నది ఆమె చేతిమీద ఏనాడూ జరగలేదు. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట అంచున చిన్న గుర్తు పెట్టేది. ఎన్ని ఉతుకులు ఉతికినా అది చెరగదు. ఒకరిది నిచ్చెన, ఒకరిది కాకికాలు, ఒకరిది కొడవలి. అన్నదమ్ములు వేరుపడితే కొత్త గుర్తు ఇచ్చేది కాదు. పాత గుర్తు పక్కనే పెద్దవాడికి ఒక చుక్క, చిన్నవాడికి రెండు చుక్కలు పెట్టేది. అత్త నేర్పిన పద్ధతి అది.

ఊళ్లో పెద్ద తలకాయలు ఇద్దరు, పెద్దరాములూ చిన్నరాములూ. అన్నదమ్ముల కొడుకులు. ఇద్దరికీ తాత పేరే పెట్టారు కాబట్టి ఒకడు పెద్ద, ఒకడు చిన్న. తాత ఇంటి గుర్తు విత్తనాలు వేసే గొర్రు: ఒక అడ్డగీత, కింద మూడు నిలువుగీతలు. తండ్రుల కాలంలో ఇల్లు రెండైంది గనక పెద్దరాములు బట్టలకు ఒక చుక్క, చిన్నరాములు బట్టలకు రెండు చుక్కలు. చుక్కలు వేరైనా మనుషులు వేరు కాలేదు. ఒకే బండిలో సంగారెడ్డి పోయేవాళ్లు, ఒకే బీడీ చెరిసగం తాగేవాళ్లు.

అరవై నాలుగులో పంచాయతీ ఎలక్షన్లు వచ్చి ఆ బీడీని ఆర్పేశాయి. ఊరు రెండు పార్టీలైంది. పోలింగు బడిలో పెట్టారు. బడి అంటే నాలుగు మట్టిగోడలు, పైన గడ్డికప్పు, ఒక పంతులు. మధ్యాహ్నం దాకా బాగానే నడిచింది. తర్వాత, చచ్చిపోయిన ముసలాయన పేరుమీద ఎవడో ఓటేశాడని ఒకడు అరిచాడు. వేస్తే నీకేంది అని ఇంకొకడు అరిచాడు. అంతే, కర్రలు లేచాయి. ఆఫీసర్లకు మంచినీళ్లు మోస్తున్న ఓదెలు బిందె భుజాన పెట్టుకుని నడుమ ఇరుక్కుపోయాడు. ఎవరికో తగలాల్సిన దెబ్బ వచ్చి అతని కుడిచేతి మీద పడింది. ఆ గోలలోనే బడి కప్పు అంటుకుంది. అంటించింది మీరంటే మీరని రాములిద్దరూ ఒట్లు పెట్టుకున్నారు. పంతులు సైకిలెక్కి పటాన్‌చెరు దిక్కు పోయినవాడు మళ్లీ ఊరి మొహం చూడలేదు. పదిరోజుల తర్వాత, నా గొడుగు ఎవరికైనా దొరికితే పంపగలరు అని ఒక కార్డుముక్క మాత్రం రాశాడు.

మర్నాడు రేవుకు వచ్చిన మూటలు విప్పి సంగమ్మ బండమీద కూలబడింది. నెత్తురు మరకకు వేణ్నీళ్లు తగలకూడదు, తగిలితే పట్టేస్తుంది. చల్లటి నీళ్లలో నానబెట్టి పిండాలి. ఒక చుక్క బట్టలూ, రెండు చుక్కల బట్టలూ అన్నీ ఒకే గుంటలో పడేసింది. గుంట నీళ్లన్నీ ఎర్రబడ్డాయి. ఏడుస్తూ ఉతికింది, తిట్టుకుంటూ ఉతికింది, సాయంత్రానికి తెల్లగా ఆరేసింది.

ఓదెలు చెయ్యి అతికింది గానీ వంకరగా అతికింది. బట్ట ఎత్తి బండకు బాదే సత్తువ ఇక రాలేదు. ఎడమచేత్తో ఇస్త్రీ నేర్చుకున్నాడు. నవ్వడం మాత్రం మానలేదు మహానుభావుడు. "నా చెయ్యి ఇరుగుడే మంచిగైంది. లేకుంటే నా పెండ్లాం బలం ఊరోళ్లకు ఎట్ల తెలుస్తుండె?" అనేవాడు. సంగమ్మ తడిబట్ట విసిరేది.

ఆరేళ్లు గడిచాయి. ఆ ఆరేళ్లలో లోకం ఎక్కడినుంచి ఎక్కడికో పోయింది. రామచంద్రాపురం దిక్కునుంచి పెద్ద కార్ఖానా కూత వినిపించసాగింది. రోడ్డు పొడుగునా చిన్నాచితకా కంపెనీలు లేచాయి. పక్క ఊళ్ల పోరగాళ్లు ఏడో తరగతి కాయితం చూపించి గేటు లోపలికి పోతుంటే, మొగిలిగూడెం పోరగాళ్లు గేటు బయట మట్టితట్టలు మోశారు. కరెంటు స్తంభాలు పొలిమేర దాకా వచ్చి, ముందు ఎవరి వాడకు వేయాలన్న తగవులో అక్కడే పడి తుప్పు పట్టాయి. బడికి రేకులిస్తామని సమితివాళ్లు రెండుసార్లు కబురు పెట్టారు. పంచాయతీ తీర్మానం కావాలన్నారు. పెద్దరాములు మీటింగు పిలిస్తే చిన్నరాములు మనుషులు రారు. వాళ్లొస్తే వీళ్లు లేచిపోతారు. కోరం లేనిదే తీర్మానం లేదు, తీర్మానం లేనిదే రేకులు లేవు. రెండుసార్లూ రేకులు వేరే ఊళ్లకు పోయాయి. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరగడమంటే ఇదే మరి.

ఆ లేగల్లో సంగమ్మ కూతురు ముత్యమ్మ ఒకతె. రేపో మాపో బడిలో వేద్దామని తల్లి అనుకుంటున్నప్పుడే కప్పు కాలింది. అప్పుడు దానికి ఐదేళ్లు. ఇప్పుడు పదకొండు. తల్లితో మూటలు మోస్తూ బొంబాయి రోడ్డు మీద పోయే బస్సులన్నింటినీ వేలెత్తి చూపించేది.

"అవ్వా, గా బస్సు మీద ఏం రాసున్నది?"

"నాకేమెరుక బిడ్డా, సక్కగ నడువు."

మళ్లీ ఇంకో బస్సు, మళ్లీ అదే మాట. పైకి విసుక్కునేది గానీ సంగమ్మకు ఆ ప్రతిసారీ లోపల కలుక్కుమనేది. తన బిడ్డ చదవాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే. బంగారమూ అడగలేదు, భూమీ అడగలేదు.

డెబ్భైలో మళ్లీ ఎలక్షన్లనగా నెల ముందు ఊరికి కొత్త పంతులమ్మ వచ్చింది. పేరు హైమావతి. గోదావరి దిక్కు మనిషి. పెనిమిటికి కార్ఖానాలో ఉద్యోగం, బీరంగూడలో కిరాయికి ఉంటున్నారు. బస్సు దిగి, చెప్పులు చేత పట్టుకుని, రెండు మైళ్లు నడిచి వచ్చేసరికి బడిలో ఆమెకు స్వాగతం చెప్పినవి నాలుగు మేకలు. మొండిగోడల మీద సంగమ్మ దుప్పట్లు ఆరేస్తోంది.

"ఇదేమిటమ్మా, బడికి పైకప్పేదీ?"

"ఎలక్షన్ల పోయిందమ్మా."

హైమావతి నోరు తెరిచింది. "ఎలక్షన్లలో డిపాజిట్లు పోవడం విన్నాను గానీ కప్పులు పోవడం ఎక్కడా వినలేదు తల్లీ!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుతోనే ఇద్దరికీ స్నేహం కుదిరింది. మేకల్ని తోలి, ఆరిన దుప్పటి ఒకటి పరిచి పంతులమ్మను కూర్చోబెట్టి సంగమ్మ కథంతా చెప్పింది. అంతా విని హైమావతి దిగులుపడింది.

"వానలు పడేలోగా కప్పు పడకపోతే ఈ బడిని ఎత్తేసి వేరే ఊరికి ఇచ్చేస్తారు, సంగమ్మా. నన్ను అక్కడికి వెయ్యడం ఎలాగూ తప్పదు. మళ్లీ ఇక్కడికి బడి రావడం మాత్రం కల్ల."

సంగమ్మ ఆ పూట బువ్వ ముట్టలేదు. మళ్లీ ఎలక్షన్లు, మళ్లీ కర్రలు, ఇక ముత్యమ్మ చదువు గంగలో కలిసినట్టే.

ఆ రోజుల్లో సర్పంచును ఊరంతా కలిసి ఎన్నుకునేది కాదు. ఊరు వార్డు మెంబర్లను ఎన్నుకుంటే, ఆ మెంబర్లు సర్పంచును ఎన్నుకునేవాళ్లు. మొగిలిగూడెంలో నలుగురు మెంబర్లు పెద్దరాములు వైపు గెలిచారు, నలుగురు చిన్నరాములు వైపు గెలిచారు. తొమ్మిదోది ఆడవాళ్ల సీటు. తమ ఇంటి ఆడవాళ్లను నలుగురిలో కూర్చోబెట్టడం ఇద్దరు రాములకూ నామోషీ. చాకలి సంగిని పెట్టేద్దాం, మనింటి బువ్వ తినే మనిషి, మన మాట దాటుతుందా అని ఇద్దరూ ఎవరికి వాళ్లు అనుకున్నారు. ఆరేళ్లలో ఇద్దరికీ కలిసిన మాట అదొక్కటే. సంగమ్మ ఏకగ్రీవంగా మెంబరై కూర్చుంది. నాలుగూ నాలుగూ పోగా సర్పంచు ఎవరన్నది ఆమె ఓటు మీద వేలాడసాగింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

పొద్దున్నే పెద్దరాములు రేవుకు దిగాడు. పుట్టి బుద్ధెరిగినాక అతను రేవుకు రావడం అదే మొదలు.

"ఏమే సంగీ, సర్పంచ్ ఓటు మాకేనా?"

"మీ బువ్వ తిన్నదాన్ని పటేలా."

"చదువు రానోళ్లు గుర్తు ఎయ్యాలెనట. మా గుర్తు యాదున్నదా?"

"యాదుండకేం. మీ ఇంటి గుర్తే గదా?"

"ఆ, మా ఇంటి గుర్తే! ఇంకెవలింటిది అనుకున్నవ్? కొత్త చీర పెడ్త, ఏసిరా."

అతను పార్టీ గుర్తు గొడుగు గురించి అంటున్నాడు. సంగమ్మ ముప్ఫైయేళ్లుగా ఎరిగిన గుర్తు వేరు. ఆ ముక్క ఆయనకు తట్టనే లేదు, పాపం.

పొద్దు వాలుతుండగా చిన్నరాములు వచ్చాడు. అతని పార్టీ గుర్తు లాంతరు. అతనూ అదే అడిగాడు, అదే అన్నాడు. "మా ఇంటి గుర్తు మరువకు సంగీ. మంచి గాడిదను కొనిపెడ్త."

ఇదంతా విన్న ఓదెలు తల గోక్కున్నాడు. "గాడిదకే మాటియ్యవే. చీర ఏడాదికి చినుగుతది."

"నిన్ను మోస్తున్న, ఇంకో గాడిద నాకెందుకు?" అంది సంగమ్మ. చీరా పుచ్చుకోలేదు, గాడిదా పుచ్చుకోలేదు. ఇద్దరికీ ఇచ్చిన మాట మాత్రం ఆమె దగ్గర అట్లాగే ఉంది.

సర్పంచు ఎలక్షను ఆ కప్పులేని బడిలోనే పెట్టారు. ఊళ్లో పదిమంది కూర్చునే చోటు ఇంకోటి లేదు మరి. సమితి నుంచి ఆఫీసరు గొడుగు వేసుకుని వచ్చాడు. ఇద్దరు జవాన్లు. గోడల బయట ఒకవైపు పెద్దరాములు మనుషులు, ఇంకోవైపు చిన్నరాములు మనుషులు, అందరి చేతుల్లో కర్రలు. వాళ్ల వెనకాల ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. ముత్యమ్మ మొండిగోడ ఎక్కి కూర్చుంది. తొమ్మిది కుర్చీలు వేసినా సంగమ్మ అలవాటు కొద్దీ కింద కూర్చుంటే, ఆఫీసరే లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. కాళ్లు నేలకు ఆనక ఆమెకు ఎట్లాగో అయింది.

తలా ఒక చీటీ ఇచ్చారు. తమ గుర్తు గీసి, మడిచి డబ్బాలో వేశారు. ఆఫీసరు ఒక్కొక్కటే విప్పాడు. గొడుగు, లాంతరు, లాంతరు, గొడుగు. నాలుగూ నాలుగూ అయ్యాయి. తొమ్మిదో చీటీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూశాడు.

"ఇదేం గుర్తయ్యా? దువ్వెనా? దువ్వెన మీద ఎవరూ నిలబడలేదే!"

పెద్దరాములు తొంగిచూసి ఎగిరి గంతేశాడు. "దువ్వెన కాదు సారూ, గొర్రు! మా ఇంటి గొర్రు! ఓటు మాది!"

"మీదెట్లయితది? గొర్రు మాది!" అన్నాడు చిన్నరాములు కుర్చీ వెనక్కు తన్ని.

"మాది!"

"మాది!"

గోడల బయట కర్రలు పైకి లేచాయి. జవాన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క కర్ర పడితే చాలు, బడి పోయినట్టే. గోడ మీద ముత్యమ్మ కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది. సంగమ్మ కుర్చీలోంచి దిగలేదు, ఆ కుర్చీ మీదికే ఎక్కి నిలబడింది.

"ఆగుండ్రి!"

రేవులో అవతలి ఒడ్డుకు వినిపించే గొంతు అది. అందరూ ఆగారు.

"మీ ఇద్దరు నాకేం చెప్పిండ్రు? మా ఇంటి గుర్తు ఎయ్యమన్నరు. ఏసిన. మాట తప్పిన్నా?"

"మరి చుక్కేదే?" అన్నాడు పెద్దరాములు.

"చుక్క లేదు పటేలా. మీ తాత దినాల ఈ గొర్రుకు చుక్క లేకుండె. మీ ఇద్దరు చెప్పిన ఇల్లు అదొక్కటే, అందుకే గదే ఏసిన." ఆమె కర్రల దిక్కు వేలు చూపించింది. "ఆరేండ్ల కింద మీ బట్టలన్ని ఒక్క గుంటల నానబెట్టిన. ఎవలి నెత్తురు ఏదో, గుర్తులు పెట్టినదాన్ని నాకే తెల్వలే! ఇగ నాతోని కాదు. ఇయ్యాల ఒక్క కట్టె లేస్తే, నెత్తురంటిన బట్ట నేను ముట్ట. ఒక్క బట్ట ముట్ట. మీ పెండ్లాలు ఉతుకుతరు, పోండ్రి!"

గోడ వెనకనుంచి పెద్దరాములు పెండ్లాం గొంతు ఖంగున మోగింది. "ఏందీ? మేం ఉతకాల్నా?"

"నా నడుము ముందే పట్టుకున్నది!" అంది ఇంకొకతె.

"దించు! దించు ఆ కట్టె! నీ మొగతనానికి నేను రేవుకు పోవాల్నా!"

ఇక చూడాలి ఆ వేడుక. ఆడవాళ్లు పిల్లల్ని కిందికి దించి మొగుళ్ల చేతుల్లో కర్రలు గుంజుకోవడం మొదలుపెట్టారు. అత్తలు అల్లుళ్లవి, కోడళ్లు మరుదులవి, ఎవరిది ఏ పార్టీ అని కూడా చూడలేదు. ఆ పూట ఊళ్లో పొయ్యిలన్నీ భగభగ మండాయట.

ఆఫీసరు నవ్వు ఆపుకోలేక దగ్గుతూ చెప్పాడు. "ఈ ఓటు చెల్లదమ్మా. ఇద్దరూ సమానం. చీటీ తీయాల్సిందే."

"తీయుండ్రి సారూ. ముందుగాల ఇద్దరు నాకు మాటియ్యాలె. ఎవలు ఓడితే వాళ్లే బడి కప్పుకు మొదటి దూలం మొయ్యాలె. తీర్మానం మీద మొదటి సంతకం వాళ్లదే."

రాములిద్దరూ నేల చూపులు చూశారు. ఒకడు ముందు ఒప్పుకుంటే రెండోవాడికి లోకువైపోడూ? అప్పుడు ఓదెలు గోడ అవతలినుంచి తన వంకర చెయ్యి ఎత్తాడు. "మాటియ్యుండ్రి పటేలా. నా చెయ్యి లెక్క వంకర మాట మాత్రం వద్దు!"

జనం గొల్లుమన్నారు. చిన్నరాములు మాత్రం నవ్వలేదు. ఆ చేతినే కాసేపు చూశాడు. "ఆ దెబ్బ మాదో మీదో ఇప్పటికీ తెల్వదన్నా," అన్నాడు పెద్దరాములుతో. ఆరేళ్ల తర్వాత అతని నోట అన్నా అన్న మాట రావడం అదే. పెద్దరాములు చెయ్యి చాచాడు. ఇద్దరూ సంగమ్మ ముందు మాటిచ్చారు.

ఆఫీసరు తీసిన చీటీ పెద్దరాములు పేరిట వచ్చింది. చిన్నరాములు మనుషులు ఊపిరి బిగపట్టి తమ నాయకుడి వైపు చూశారు. అతను లేచి, తలరుమాలు విప్పి మళ్లీ గట్టిగా చుట్టుకున్నాడు.

"ఏడున్నదిరా దూలం?"

ఆ అరుపుకు ఊరంతా కేకలు పెట్టింది. తీర్మానం అక్కడికక్కడే రాశారు. మొదట చిన్నరాములు సంతకం, ఆఖర్న సంగమ్మ వేలిముద్ర. పన్నెండు రోజుల్లో కప్పు లేచింది. మీ దూలం కన్నా మా దూలం బరువని రెండు పార్టీలూ పోటీలు పడి మోశాయి. హైమావతి మజ్జిగ పోయబోతే, "సల్ల తెచ్చినవా అమ్మా, బతికించినవ్!" అని బిందె ఖాళీ చేశారు. కప్పు పడిన మూడో రోజునే మొదటి వాన కురిసింది. రేకుల మీద ఆ చప్పుడు వినడానికి ముసలీముతకా కూడా బడికొచ్చి కూర్చున్నారు.

బడి తెరిచిన రోజు హైమావతి బల్ల వేసుకుని రిజిస్టరు ముందు పెట్టుకుంది. వాకిట్లో పిల్లలూ, తల్లిదండ్రులూ, సున్నం బకెట్లతో రాములిద్దరూ. సంగమ్మ ముత్యమ్మ తలకు ఇంత నూనె పెట్టి, బిగించి జడవేసి, చెయ్యి పట్టుకుని తెచ్చింది.

"పేరు?"

"ముత్యమ్మ."

"వయసు?"

"ఐదేండ్లమ్మా," అంది సంగమ్మ.

హైమావతి తలెత్తి చూసింది. పిల్ల తల్లి భుజం దాకా ఉంది. "నాతోనే వేళాకోళమా సంగమ్మా! దీనికి పదకొండు లేవూ?"

అందరూ నవ్వారు. సంగమ్మ కూడా నవ్వింది.

"పదకొండేనమ్మా. గానీ నడుమ ఆరేండ్లు ఊరోళ్లు కొట్లాడుకున్నరు. గవి నా బిడ్డ లెక్కల ఎందుకు రాస్తవ్?"

పెద్దరాములు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. చిన్నరాములు సున్నం బకెట్టు కింద పెట్టి బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఐదే రాయి తల్లీ," అన్నాడు. "సంగమ్మ చెప్పింది నిజమే. ఆ ఆరు మా ఇద్దరి పేరు మీద రాసుకో."

హైమావతి రిజిస్టరులో ఐదు అని రాసింది. ముత్యమ్మ తల్లి చెయ్యి విడిపించుకుని పోయి, చిన్నపిల్లల నడుమ మొదటి వరుసలో కూర్చుంది.